తెల్లబట్ట – దాచరాని వ్యాధి

బాలబాలికల చదువును గూర్చిన ఈ సంచికలో స్త్రీల వ్యాధిని గూర్చి వ్రాయుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని తల్లి మంచమెక్కిన యింట పెద్దకూతురు బడి మానుటను మేము ఏటేట చూచుచునే యున్నాము. అందుచే సంకోచము విడిచి వ్రాయుచున్నాము.

మన మహారాష్ట్రమున, తెలంగాణ సరిహద్దునగల గడ్చిరోలి జిల్లా అడవిసీమ. అందలి సిరొంచ ప్రాంతమున మన తెలుగువారు తరతరములుగా నివసించుచున్నారు. ఆ జిల్లాలో డాక్టరు రాణీ బంగ్, డాక్టరు అభయ్ బంగ్ దంపతులు రెండు గ్రామముల స్త్రీలను 650 మందిని పరీక్షించి, 1989లో ‘లాన్సెట్’ అను వైద్యపత్రికలో ఫలితములను ప్రకటించిరి. నూటికి 92 మందికి ఏదో యొక స్త్రీవ్యాధి యున్నట్లు తేలినది. ఆ వ్యాధులలో సగము జననాంగమునకు క్రిములు సోకుటచే కలిగినవే. అంతకుముందు పరీక్షయు చికిత్సయు పొందినవారు నూటికి 8 మంది మాత్రమే!

యోనిలో సహజముగా నుండు మేలైన సూక్ష్మజీవులు ఆమ్లమును పుట్టించి దానిని కాపాడును. ఆ సమతూకము చెడినచో చేపవాసనగల పలుచని స్రావము కలుగును. బూజుజాతి క్రిమి పెరిగినచో దురదయు, విరిగిన పాలవంటి తెల్లబట్టయు కలుగును. ట్రైకోమోనాస్ అను మూడవ క్రిమి దాంపత్యము వలన సోకును. దీనికి భర్తయు మందు తీసికొననిచో వ్యాధి మరల వచ్చును. గర్భిణులు ఇట్టి వ్యాధులను అశ్రద్ధ చేసినచో నెలలు నిండకమున్నే కాన్పు కావచ్చును.

వాసన, దురద, మంట లేని కొద్దిపాటి స్రావము రోగము కాదు. దానివలన ఒంటి సత్తువ పోవునను భయము వలదు.

గమనింపవలసినవి:

1. ముట్టుగుడ్డలను సబ్బుతో నుతికి, చీకటి మూలలలో గాక ఎండలో ఆరవేయవలెను.

2. లోపల సబ్బు, పసరులు మున్నగువానితో కడుగరాదు. వెలుపల మంచినీటితో కడిగికొనిన చాలును.

3. దుర్వాసన, దురద, మంట, పొత్తికడుపు నొప్పి కలిగినచో ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు పోవలెను. ఇచ్చిన మందును నడుమ మానరాదు.

4. భార్యను ఒంటరిగా పంపక భర్తయు వెంట పోవలెను.

తండ్రులు ఈ పుటను చదివి తల్లుల చేతికీయ ప్రార్థన. చదువురాని తల్లికి కూతురే చదివి వినిపించినచో, మేము నేర్పిన అక్షరములు సార్థకమైనవని సంతసింతుము.