జన్యువులను మేల్కొలిపే మాంసకృత్తు: దాని నోరు మూయిస్తే కణానికి ఏమవుతుంది?

కాలిలో ముల్లు గుచ్చుకున్నచోట కొద్ది గంటలలోనే వాపు, ఎరుపు, వేడి, నొప్పి బయలుదేరుతాయి. ఆయుర్వేదం ‘శోథ’ అని వ్యవహరించే ఈ స్థితి వెనుక కణం లోపల ఎందరో పనివారున్నారు. వారిలో ముఖ్యమైనది ఎన్.ఎఫ్. కప్పా-బి అనే మాంసకృత్తు. పసుపు సారంతో చేసిన గుళికల ప్రకటనలలో దీని పేరు తరచుగా కనిపిస్తున్నది. ‘దీనిని అణచివేస్తే క్యాన్సర్ అణగిపోతుంది’ అన్నంత సులభంగా వ్రాస్తున్నారు. విషయం అంత సులభమైనది కాదు. ఇంటిలో రోగి ఉన్నవారు దీనిని కొంత ఓపికగా తెలుసుకోవలసి ఉన్నది.

మన శరీరంలో దాదాపు ప్రతి కణంలోనూ ఒకే జన్యుసంపద ఉంటుంది. అయితే ఏ జన్యువు ఎప్పుడు పనిచేయాలో నిర్ణయించే మాంసకృత్తులు వేరుగా ఉన్నాయి. అటువంటి దానినే 1986లో రంజన్ సేన్, డేవిడ్ బాల్టిమోర్ అమెరికాలో కనుగొన్నారు. బి-కణాలలో ‘కప్పా’ అనే జన్యుభాగానికి అతుక్కొని కనబడినందున దానికి ఆ పేరు వచ్చింది. తరువాత పరిశీలించగా అది ఇంచుమించు అన్ని రకాల కణాలలోనూ ఉన్నదని తేలింది.

మామూలు సమయంలో ఇది కేంద్రకం వెలుపల, కణద్రవ్యంలో బందీగా పడి ఉంటుంది. ఐ-కప్పా-బి అనే మరొక మాంసకృత్తు దీనిని పట్టి ఉంచుతుంది. క్రిములు ప్రవేశించినప్పుడు, గాయమైనప్పుడు, లేదా టి.ఎన్.ఎఫ్. అనే శోథకారక పదార్థం కణాన్ని తాకినప్పుడు ఆ కావలిదారుకు గుర్తువేసి కణమే దానిని ముక్కలు చేస్తుంది. బంధం తెగిన ఎన్.ఎఫ్. కప్పా-బి కేంద్రకంలోకి పోయి వందలాది జన్యువులను మేల్కొలుపుతుంది. వాటిలో కొన్ని వాపును కలిగిస్తాయి, కొన్ని కణవిభజనను ప్రోత్సహిస్తాయి, మరికొన్ని కణాన్ని మరణం నుండి కాపాడుతాయి. ఇందులో ఒక చమత్కారమున్నది. అది మేల్కొలిపే జన్యువులలో తనను బంధించే ఐ-కప్పా-బి జన్యువు కూడా ఒకటి. తనను కట్టివేసే త్రాటిని తానే పేనించుకుంటుందన్నమాట. ఆరోగ్యవంతునిలో వాపు వచ్చి, పని ముగించి, తగ్గిపోవడానికి ఇది ఒక కారణం. అనేక క్యాన్సర్ కణాలలో ఈ త్రాడు పనిచేయదు, మాంసకృత్తు ఎల్లవేళలా మేల్కొనే ఉంటుంది.

దీనిని తొలగించి చూచినప్పుడు

1995లో ఈ మాంసకృత్తులోని ప్రధాన భాగం లేకుండా ఎలుకలను పుట్టించ ప్రయత్నించగా, అవి గర్భంలోనే సుమారు 15, 16 రోజులకు మరణించాయి. వాటి కాలేయ కణాలు మూకుమ్మడిగా నశించాయి. కారణం మరుసటి సంవత్సరం స్పష్టమైంది. టి.ఎన్.ఎఫ్. కణానికి రెండు ఆజ్ఞలు ఒకేసారి ఇస్తుంది: ఒకటి చావుమని, రెండవది ఎన్.ఎఫ్. కప్పా-బి ద్వారా బ్రతుకుమని. రెండవ ఆజ్ఞను మూయిస్తే మొదటిదే మిగులుతుంది. 1996లో మూడు పరిశోధక బృందాలు ఒకే పత్రిక ఒకే సంచికలో ఈ సంగతిని ప్రకటించాయి. తరువాత టి.ఎన్.ఎఫ్. కూడా లేని ఎలుకలలో ఇదే లోపాన్ని కలిగించగా, అవి గర్భంలో చావక పుట్టాయి. వాదానికి ఇంతకంటె మంచి రుజువు ఉండదు.

ఇప్పుడు ఇటువంటి పరీక్షకు జన్యువును తొలగించనవసరం లేదు. 1998లో ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెల్లో ఒక చిన్న పురుగులో కనుగొన్న ఆర్.ఎన్.ఎ. పద్ధతికి 2006లో నోబెల్ బహుమతి లభించింది. సుమారు 21 అక్షరాల పొడవైన ఆర్.ఎన్.ఎ. తునకను కణంలోకి పంపితే, జన్యువు చెక్కుచెదరకుండానే దాని సందేశం మాత్రం నాశనమవుతుంది, మాంసకృత్తు తయారు కాదు.

ఈ పద్ధతిలోనో మరొక విధంగానో దీనిని మూయిస్తే పలు క్యాన్సర్ కణాలు పెరుగుదల తగ్గి, మందులకు సులభంగా లొంగుతాయి. ఆశ కలిగించేది ఇదే. కాని రెండవ ప్రక్కను ప్రకటనలు చెప్పవు. 2003లో మానవ చర్మకణాలలో దీనిని అణచి, రాస్ అనే క్యాన్సర్ జన్యువును జోడించగా కణితి తగ్గకపోగా చొచ్చుకుపోయే క్యాన్సరే పుట్టింది. 2005లో ఎలుకల కాలేయ కణాలలో దీనిని మేల్కొలిపే ఎంజైమును తొలగించి, క్యాన్సర్‌కారక రసాయనాన్ని ఇవ్వగా కణితులు మరింత పెరిగాయి. ఎట్లనగా, రక్షణ లేని కణాలు ఎక్కువగా చావగా, ఆ లోటు పూడ్చడానికి మిగిలినవి త్వరత్వరగా విభజన చెందాయి. ఆ తొందరలో చెడిన కణాలూ పెరిగాయి. ఒకే మాంసకృత్తు ఒకచోట శత్రువు, మరొకచోట కావలివాడు. స్టీరాయిడ్ మందులు వాపును తగ్గించే మార్గాలలో దీనిని అణచడం కూడా ఒకటి. వాటిని దీర్ఘకాలం వాడినవారికి అంటువ్యాధులు సులభంగా సోకడం మనకు తెలిసినదే.

ఇక పసుపు సంగతి

హరిద్రలోని కర్క్యుమిన్ ఈ మాంసకృత్తు మేల్కొనకుండా చేస్తుందని 1995లో ప్రయోగశాల కణాలలో చూపారు. కాని గాజు పాత్రలోని కణం వేరు, మనిషి వేరు. పసుపు పొడిలో కర్క్యుమిన్ సుమారు నూటికి మూడు వంతులే. తైవాన్‌లో జరిగి 2001లో ప్రకటితమైన పరీక్షలో రోజుకు 8 గ్రాముల కర్క్యుమిన్ ఇచ్చినా, రక్తంలో దాని గాఢత సగటున రెండు మైక్రోమోలార్లకు మించలేదు. ప్రయోగశాలలో తరచుగా వాడేది పదుల మైక్రోమోలార్లు. ఆ 8 గ్రాములు పొందడానికి పావుకిలోకు పైగా పసుపు తినవలసి ఉంటుంది! అంతేకాక, కర్క్యుమిన్ రసాయన స్వభావం వల్ల ప్రయోగశాల పరీక్షలలో లేని ఫలితం ఉన్నట్లు భ్రమ కలుగవచ్చునని 2017లో రసాయన శాస్త్రజ్ఞులు హెచ్చరించారు.

పసుపుతో మిరియాలు చేర్చే మన అలవాటుకు మాత్రం ఆధారమున్నది. 1998లో బెంగుళూరు పరిశోధకులు 2 గ్రాముల కర్క్యుమిన్‌తో 20 మిల్లీగ్రాముల పైపరిన్ చేర్చగా, శరీరానికి అందినది 20 రెట్లు పెరిగింది. అయితే పైపరిన్ ఇతర మందుల విసర్జనను కూడా అడ్డగిస్తుంది. మూర్ఛకు వాడే ఫినిటాయిన్ ఇందుకు ఒక ఉదాహరణ. అమెరికాలో 2022 వరకు సాగిన ఒక నమోదులో పసుపు గుళికల వల్ల కాలేయం దెబ్బతిన్నవారు పదిమంది, వారిలో ఒకరు మరణించారు. పదిమందిలో ఏడుగురికి ఒకే జన్యులక్షణం ఉన్నది.

కావున కూరలో, చారులో, రాత్రి పాలలో చిటికెడు పసుపు నిరభ్యంతరంగా వాడుకోవచ్చును. గాఢమైన గుళికల విషయం వేరు. 2002లో ఎలుకలలో చేసిన ప్రయోగంలో, ఆహారంలో కలిపిన కర్క్యుమిన్ రొమ్ము క్యాన్సర్‌పై సైక్లోఫాస్ఫమైడ్ అనే మందు ప్రభావాన్ని తగ్గించింది. క్యాన్సర్‌కు చికిత్స పొందుతున్నవారు, రక్తం గడ్డకట్టకుండా మందు వాడేవారు, పిత్తాశయంలో రాళ్ళున్నవారు తమ వైద్యునికి ఆ సీసాను చూపి, ఆయన అనుమతించిన తరువాతనే తీసుకోవాలి. కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా గుళికలు ఆనాడే మానివేసి కాలేయ పరీక్ష చేయించుకోవాలి.