ఒక పొట్లం, ఒక లీటరు నీళ్ళు

వర్షాలు మొదలై మంథని చుట్టుపక్కల నాట్లు, పత్తి పనులు ఊపందుకునే రోజుల్లోనే పిల్లలకు నీళ్ళ విరేచనాలు కూడా ఎక్కువవుతాయి. తల్లి తెల్లవారగానే పొలానికి పోతుంది, బిడ్డ నాయనమ్మ దగ్గర ఉంటుంది. "నీళ్ళు తాగిస్తే ఇంకా పోతాయి" అని నాయనమ్మ నీళ్ళు ఆపేస్తుంది, ఒక్కోసారి తల్లిపాలు కూడా మాన్పిస్తుంది. గోదావరిఖని బస్తీల్లో ఇళ్ళలో పనికిపోయే తల్లి అలా ఆపదు. మందుల షాపుకు పోయి తీయటి డబ్బా పానీయం కొనుక్కొస్తుంది. ఇద్దరిదీ ప్రేమే, కానీ ఇద్దరి బిడ్డలకూ ప్రమాదమే.

విరేచనాలతో బిడ్డ ఒంట్లోంచి నీళ్ళు, వాటితోపాటు ఉప్పు పోతాయి. చాలామంది పిల్లలు చనిపోయేది ఈ నష్టం వల్లనే. పోయినదాన్ని పోయినట్టే తిరిగి ఇవ్వాలి. ఉప్పునీళ్ళు మాత్రమే ఇస్తే పేగు సరిగా పీల్చుకోదు. దానికి తగినంత గ్లూకోజు తోడైతే ఉప్పు లోపలికి పోతుంది, దాని వెంట నీళ్ళూ పోతాయి. ఓ.ఆర్.ఎస్. పనిచేసే తీరు ఇదే.

ఇంత చిన్న పొట్లం సెలైన్‌తో సమానమా అని మమ్మల్ని అడుగుతుంటారు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా వ్యాపించింది. సెలైన్ సీసాలు అయిపోవడంతో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీళ్ళను డ్రమ్ముల్లో నింపి, రోగుల బంధువులతోనే తాగించారు. అంతకుముందు నూటికి 30 మంది వరకు చనిపోతుండగా, ఆ చావులు నూటికి నలుగురికన్నా తగ్గాయి.

అయితే కొలత తప్పకూడదు. ఈ పాఠమంతటిలో మీరు బాగా గుర్తుంచుకోవలసింది ఇదే. పెద్ద పొట్లం మొత్తాన్ని ఒకేసారి, కాచి చల్లార్చిన ఒక లీటరు నీళ్ళలో కలపాలి. కొలతకు లీటరు నీళ్ళ బాటిల్ చాలు. కొంచెం పొడి గ్లాసులో వేసి, మిగతాది రేపటికి మడిచి పెట్టడం చాలా ఇళ్ళలో చూస్తున్నాము. అలా చేస్తే ఉప్పు ఎక్కువో తక్కువో అవుతుంది, ఎక్కువైతే బిడ్డకు హాని. 200 మిల్లీలీటర్లకు సరిపడే చిన్న పొట్లాలు కూడా దొరుకుతాయి, కాబట్టి దాని మీద ఎంత నీళ్ళని రాసి ఉందో చదివించుకోండి. కలిపిన నీళ్ళు 24 గంటలు దాటితే పారబోయాలి. పొట్లం అసలు లేనప్పుడు లీటరు నీళ్ళకు తల కొట్టిన చెంచాలతో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చెంచా అంటే 5 మిల్లీలీటర్లది, కూరలో వేసే గరిటె కాదు.

రెండేళ్ళలోపు బిడ్డకు విరేచనమైన ప్రతిసారీ పావు గ్లాసు నుంచి అర గ్లాసు, పై వయసు వారికి అర గ్లాసు నుంచి గ్లాసు వరకు చెంచాతో కొద్దికొద్దిగా పట్టండి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, ఇంకా నెమ్మదిగా మొదలుపెట్టండి.

ఇక డబ్బా పానీయాల సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరులో గ్లూకోజు 13.5 గ్రాములే. పేరులో ఓ.ఆర్.ఎస్. అని పెట్టుకున్న కొన్ని పానీయాలలో చక్కెర దానికి ఎన్నో రెట్లు. అంత చక్కెర పేగులోకి నీళ్ళను లాగి విరేచనాలను పెంచుతుంది. హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి దీనిపై పోరాడారు. ఆహార భద్రతా సంస్థ 2022 ఏప్రిల్‌లో ఆ పేరు వాడవద్దని చెప్పి, జూలైలో సడలించి, చివరికి 2025 అక్టోబరులో ఆ సడలింపును తీసేసింది. అయినా షాపులో రుచి చూసి కాదు, "ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా" అని పొట్లం మీద ఉందో లేదో చూసి కొనండి. కొనకపోయినా ఫరవాలేదు, ఆశా కార్యకర్త దగ్గర, సబ్‌సెంటరులో ఉచితంగానే ఇస్తారు.

తల్లిపాలు ఆపవద్దు. ఆరు నెలలు దాటిన బిడ్డకు గంజి, మెత్తటి అన్నం, పప్పు పెడుతూనే ఉండాలి. జింకు మాత్ర 14 రోజులు వేయాలి. రెండు నుంచి ఆరు నెలల బిడ్డకు 10 మిల్లీగ్రాములు, ఆపైన 20. మూడో రోజుకు తగ్గిందని మానేయవద్దు.

కళ్ళు గుంటపడినా, మాడు లోపలికి దిగినా, పొట్ట చర్మం పట్టి వదిలితే నెమ్మదిగా సర్దుకున్నా, మూత్రం రాకపోయినా, మలంలో రక్తం పడినా, బిడ్డ మత్తుగా పడి తాగలేకపోయినా ఇంటి వైద్యం ఆపి వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. 108కి ఫోన్ చేయండి. బిడ్డ మింగగలుగుతుంటే దారిలో కూడా ఆ నీళ్ళను చెంచాతో పడుతూనే ఉండండి.