పెరటిలో ఒంటరిగా నిలువని పొమరేనియన్

ప్రశ్న: మా కుక్కకు మూడేండ్లు. ఇంటిలో నన్ను వదలదు. పెరటిలోనికి పంపి తలుపు మూసిన తక్షణమే మూలుగుచు గడప గీరును. ఏమి చేయవలెను?
– ఒక గృహిణి, తెనాలి

జవాబు: అమ్మా, దానికి కలిగినది భయము, మొండితనమని యెంచి కొట్టవలదు. తరతరములుగా మనుష్యుల ఒడిలో పెరిగిన ఈ చిన్నజాతికి మీ కాలిచప్పుడే కాపుదల. తలుపు మూసుకొనగానే ఆ కాపుదల తెగిపోయినదని తలచి, మూత్రమును సైతము బిగబట్టి గడపయొద్దనే నిలుచును.

వారము దినములు తలుపు తీసియుంచి మీరే వెంట వెళ్లుడు. అది పని ముగించిన క్షణముననే ఉప్పు వేయక ఉడికించిన, ఎముక లేని కోడిమాంసపు తునక నొకటి పెట్టుడు. పిమ్మట రెండడుగులు వెనుకకు, తరువాత గడప లోపలికి, ఆపైన అయిదు లెక్కించునంతసేపు తలుపు చాటునకు జరిగి, అది మూలుగుటకు మునుపే మరలి వచ్చుచు, వ్యవధిని కొంచెము కొంచెముగా పెంచుడు. మీ పాత చీరముక్క అరుగుపై పరచినచో ఆ వాసన దానికి తోడుండును.

మిట్టమధ్యాహ్నము ఈ అభ్యాసము కూడదు. నాపరాతిపై మీరు చేయి ఆనించి ఏడు లెక్కించలేనిచో దాని పాదములును కాలును. అసలు పెరడు దాని అవసరములకే గాని కాపురమునకు తగదని నా అభిప్రాయము.

ఈ ప్రవర్తన అకస్మాత్తుగా మొదలైనను, గోళ్లు చిట్లి నెత్తురు వచ్చునంతగా గీరుచున్నను, మూత్రము బొట్టుబొట్టుగా వచ్చుచున్నను, ఆనాడే పశువైద్యునికి చూపుడు.