ముక్కు నిద్రపోతుంది, చెవి నిద్రపోదు



నాడీవ్యవస్థ అంటే మనందరికీ బట్టీ పాఠం. మస్తిష్కం పని రాయుము, అనుమస్తిష్కం పని రాయుము, రెండేసి మార్కులు. నేనూ అలాగే బట్టీ పట్టాను. కానీ ఈ పాఠమంతా మన విశాఖలోనే ఒక తెల్లవారుజామున జరిగింది. అది గుర్తుపెట్టుకుంటే బట్టీ అక్కర్లేదు. అందుకే ఈసారి గోడపత్రికకి ఇది రాస్తున్నాను.

2020 మే 7. లాక్‌డౌన్ రోజులు. గోపాలపట్నం దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకు నుంచి స్టైరీన్ అనే రసాయనం ఆవిరై, అందరూ నిద్రలో ఉండగా ఊరి మీదకి వచ్చింది. 12 మంది చనిపోయారు. వందల మందిని కె.జి.హెచ్.కీ, వేరే ఆస్పత్రులకీ చేర్చారు. నేనప్పుడు చిన్న క్లాసు. టీవీలో చూశాను. నడుస్తున్న మనుషులు నడుస్తూనే రోడ్డు మీద కూలిపోయారు. "కాళ్ళకి దెబ్బ తగల్లేదు కదా, ఎందుకు పడిపోతున్నారు?" అని అమ్మని అడిగాను. అమ్మకి తెలీలేదు. జవాబు మన పాఠంలోనే ఉంది.

ముందు స్టైరీన్ సంగతి. ఇది ద్రవం. మనం మోడల్స్ చేసే థర్మాకోల్ దీంతో తయారైనదే. దీన్ని చల్లగా నిలవ ఉంచాలి. వేడెక్కితే దాని అణువులు ఒకదానికొకటి అతుక్కుంటాయి, అతుక్కునేటప్పుడు ఇంకా వేడి పుడుతుంది, ఆ వేడికి మిగతాది ఆవిరవుతుంది. ఆ ఆవిరి గాలికంటే బరువు. అందుకే పైకి పోకుండా నేలబారుగా పాకుతుంది.

ఇప్పుడు నాడుల సంగతి. శరీరంలో కబుర్లు మోసేవి నాడీకణాలు. నాడీకణానికి తంత్రికాక్షం అనే పొడవాటి తీగ ఉంటుంది. చాలా తీగలకి మైలిన్ అనే కొవ్వు తొడుగు ఉంటుంది, కరెంటు తీగకి ప్లాస్టిక్ తొడుగులాగ. తొడుగున్న పెద్ద నాడుల్లో కబురు సెకనుకి 100 మీటర్ల వేగంతో కూడా పోగలదు. మెదడులో నీటిని తీసేస్తే మిగిలేదాంట్లో సగం దాకా కొవ్వే. స్టైరీన్ నీళ్ళలో సరిగా కరగదు, కొవ్వులో బాగా కరుగుతుంది. ఊపిరితో రక్తంలోకి, రక్తంతో మెదడులోకి పోయి, కబుర్లని మందగింపజేస్తుంది. ఇంచుమించు ఆపరేషన్‌కి ఇచ్చే మత్తులాగే.

ఇక ఒక్కొక్క లక్షణం చూడండి.

1. కళ్ళ మంట, నీళ్ళు కారడం, దగ్గు: కంట్లో, గొంతులో ఉన్న జ్ఞాననాడులు కబురు మోశాయి. మనం అనుకోకుండానే కన్నీళ్ళు, దగ్గు వచ్చాయి. ఇదే అసంకల్పిత ప్రతీకార చర్య.

2. తల తిరగడం, తూలడం: శరీరాన్ని తూలకుండా నిలబెట్టేది అనుమస్తిష్కం. దాని పని తప్పింది.

3. స్పృహ తప్పడం: ఆలోచన, తెలివి మస్తిష్కానివి. కాళ్ళు బాగానే ఉన్నాయి, కండరాలు బాగానే ఉన్నాయి. "నడు" అని చెప్పేవాడే లేడు! అమ్మని నేనడిగిన ప్రశ్నకి జవాబు ఇదే.

4. ఊపిరి, గుండె: ఇవి మజ్జాముఖం చూసుకుంటుంది. స్పృహ పోయినా వెంటనే ఆగవు. విషం ఎక్కువైతే మజ్జాముఖమూ మందగిస్తుంది. కాబట్టి మంచి గాలిలోకి ఎంత తొందరగా చేరిస్తే అంత మేలు.

అసలు చెప్పాల్సింది ఇక్కడుంది. నిద్ర మీద పరిశోధన చేసినవాళ్ళు ఏమంటారంటే, గాఢనిద్రలో ఉన్న మనిషి ఘాటైన వాసనకి కూడా లేవకపోవచ్చు, శబ్దానికైతే లేస్తాడు. ఆ రాత్రి ఫ్యాక్టరీలో సైరన్ మోగించలేదని ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ తన నివేదికలో చెప్పింది. అంటే చెవి మేలుకునే ఉంది గానీ, దానికి కబురు పెట్టినవాళ్ళే లేరు.

మనం హాల్లో వరసగా పడుకుంటాం. పక్కనే వంటగది, గ్యాస్ బండలు. గ్యాసులో వాసన కలిపేది మెలకువగా ఉన్నవాళ్ళ కోసం. నిద్రపోయేవాళ్ళ కోసం గంట కావాలి. అందుకని ఇవి గుర్తుంచుకోండి:

తేడా వాసన వస్తే లైటు స్విచ్ వెయ్యొద్దు. గట్టిగా అరిచి అందరినీ లేపండి.

బయట విషవాయువు వస్తే గాలి వీచే దారికి అడ్డంగా నడవండి. స్టైరీన్ లాంటి బరువు వాయువైతే పల్లంలోకి పోకండి, ఎత్తుకి ఎక్కండి.

స్పృహ తప్పినవాడి నోట్లో నీళ్ళు పోయకండి. మింగే ప్రతీకార చర్య సరిగా పనిచెయ్యదు, నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఊపిరి ఆడుతుంటే పక్కకి తిప్పి పడుకోబెట్టండి, వెంటనే పెద్దవాళ్ళని పిలవండి.

చివరగా వార్డెన్ గారికి ఒక మనవి. ప్రేయర్ గంట ఆఫీసు వరండాలో ఉంది. రాత్రి వరండాకి తాళం వేశాక అది మాకు అందదు. హాలు గుమ్మం దగ్గర ఇంకొక గంట కట్టించండి సార్. ఊరికే కొట్టమని మేమందరం మాట ఇస్తున్నాం.

– పదో తరగతి విద్యార్థి