పాత కారు - యోగ్యతా పరీక్ష

నేడు అనేక గ్రామములలో పాత కార్లు కొనుచున్నారు. రాత్రివేళ రోగిని ఆసుపత్రికి చేర్చుటకు పెక్కుచోట్ల అవియే ఆధారము. కావున పంచాయతీ సభ్యులు గ్రామస్థులకు తెలుపదగిన కొన్ని సంగతులను ఇచట వివరించుచున్నాము.

1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము సొంత కారు రిజిస్ట్రేషను 15 సంవత్సరములు చెల్లును. పిమ్మట కారును తనిఖీ చేయించి, 5 సంవత్సరముల కొకమారు పునరుద్ధరించుకొనవలెను.

తనిఖీలో పాత కార్లు తప్పుటకు కారణములు తరచుగా చిన్నవే: వెలుగని దీపములు, అరిగిన టైర్లు, పట్టని బ్రేకులు, వదులైన స్టీరింగు, మితిమీరిన పొగ, తుప్పుపట్టిన అడుగుభాగము. టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదు. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొనును. అట్టి పాత ఆయిలు వేడికి త్వరగా మరగి, బ్రేకు పట్టు సడలును. ఇది పైచూపునకు తెలియదు.

పరీక్షాపత్రము ఆ దినమున బండి యెట్లున్నదో మాత్రమే చెప్పును. మరునాటి బ్రేకుకు పూచీపడదు. పరీక్షకొరకు మంచి టైర్లు తొడిగి, పిదప ఊడదీసినచో మోసపోవునది ఎవరు? బండిలోని మనవారే గదా!

కొనుటకు ముందు నమ్మకమైన మెకానిక్కుచే చూపించుడు. చల్లని ఇంజనును స్టార్టు చేయించుడు. నీలిపొగ వచ్చినచో ఇంజను ఆయిలును కాల్చుచున్నదని గ్రహింపుడు.

కొన్నవారు 30 దినములలోపల పేరు మార్పునకు దరఖాస్తు చేయవలెను. అమ్మినవారికిని ఇది రక్ష. పేరు మారనిచో ప్రమాద పరిహారపు బాధ్యత రికార్డులోని యజమానిదేయని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను.

ఈ విషయములను పంచాయతీ సమావేశమున చదివి వినిపింతురుగాక.