ఆ పిల్ల నోరు కట్టుకోలేదా?

తార్నాక, హైదరాబాద్

చిరంజీవి శ్రావణికి ఆశీస్సులు.

హాస్టల్ మెస్‌లో మూడోసారి అన్నం పెట్టించుకున్న అమ్మాయిని చూసి అందరూ "నోరు కట్టుకోలేదు" అని ఎగతాళి చేశారనీ, నువ్వూ నవ్వావనీ రాశావు. నవ్వితే నవ్వావు గానీ, ఉస్మానియాలో ఎమ్మెస్సీ జువాలజీ చదువుతున్నదానివి, ఆ మాటలో నిజమెంతో చూడొద్దూ?

అందుకు ఎంతో దూరం వెళ్లక్కర్లేదు. మీ క్యాంపస్ పక్కనే, తార్నాకలో, జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో మెక్‌కారిసన్ మొదలుపెట్టిన చిన్న పరిశోధన విభాగమే పెరిగి 1958లో ఇక్కడికి తరలివచ్చింది. అక్కడ ప్రయోగాల కోసం తరతరాలుగా పెంచుతున్న విస్టార్ జాతి ఎలుకల్లో, ఎవరూ ఏ జన్యువునూ ముట్టుకోకుండానే, కొన్ని విపరీతంగా లావెక్కాయి. గిరిధరన్ బృందం వాటిని వేరుచేసి పెంచి, 1996లో లోకానికి తెలియజేసింది. 35 రోజుల వయసు నుంచే తేడా కనిపిస్తుంది. పెద్దయ్యాక కిలో దాటి తూగుతాయి. వాటికి నేతిమిఠాయిలేం పెట్టలేదు, సన్నగా ఉన్న తోబుట్టువులు తినే మేతే. కాకపోతే ఎక్కువ తింటాయి.

ఎందుకు తింటాయి? కొవ్వుకణాలు లెప్టిన్ అనే హార్మోన్‌ను రక్తంలోకి వదులుతాయి. దాని జన్యువును 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం పట్టుకుంది. కొవ్వు పెరిగితే లెప్టిన్ పెరుగుతుంది. మెదడు అడుగున ఉన్న హైపోథాలమస్‌కు ఆ కబురు అందుతుంది. అక్కడ ఏజీఆర్‌పీ కణాలు తినమంటాయి, పీఓఎంసీ కణాలు చాలంటాయి. లెప్టిన్ మొదటివాటిని అణచి రెండోవాటిని లేపుతుంది. ఖాళీ కడుపు నుంచి వచ్చే గ్రెలిన్ దీనికి సరిగ్గా ఎదురు. హైపోథాలమస్ చూసేది తిండి ఒక్కటే కాదు, ఒంట్లో శక్తి ఖర్చునూ అదే చూస్తుంది. కడుపు మాడ్చుకున్నవాళ్ల బరువు కొంత తగ్గాక మొండికేయడానికి ఇదొక కారణం: లెప్టిన్ పడిపోగానే మెదడు ఖర్చు తగ్గించి, ఆకలి పెంచుతుంది.

మన తార్నాక ఎలుకలకు లెప్టిన్ కొరత లేదు, రక్తంలో దండిగా ఉంది. అయినా మెదడుకు పట్టదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. లావుగా ఉన్న మనుషుల్లోనూ ఎక్కువమందిది ఇదే స్థితి. అందుకే లెప్టిన్ సూదిమందు పుట్టుకతో అది లేని కొద్దిమందికి అద్భుతంగా పనిచేసింది, మిగతావాళ్లకు పెద్దగా ఉపయోగపడలేదు.

హైపోథాలమస్ మాట వచ్చింది గనుక, బాల్ కృష్ణ ఆనంద్ అనే శాస్త్రవేత్త పేరు కూడా రాసిపెట్టుకో. 1951లో యేల్‌లో బ్రోబెక్‌తో కలిసి, హైపోథాలమస్ పక్కభాగాలు రెండూ దెబ్బతింటే ఎలుక తిండే మానేస్తుందని చూపించాడు. తర్వాత ఢిల్లీ ఎయిమ్స్‌లో పనిచేశాడు. ఆయన పేరు మన పిల్లలకు తెలియకపోవడం నాకు నచ్చదు.

మనసు చేతిలో ఏమీ లేదని నేననను. ఏం వండుకోవాలో, ఎప్పుడు తినాలో చాలావరకు మనమే నిర్ణయించుకుంటాం. ఎంత ఆకలేయాలో మాత్రం మనం నిర్ణయించలేం. రేపు మెస్‌లో ఆ అమ్మాయి పక్కన కూర్చో. పొద్దున టిఫిన్ చేసిందో లేదో ముందు కనుక్కో.

ఇట్లు,
నీ పెదనాన్న