తెగిన గొలుసు అమ్ముతున్నారా? ముందు లెక్క చూసుకోండి

చీమకుర్తి డ్వాక్రా అక్కచెల్లెళ్లకు,

పిల్లల ఫీజుకో, ఆస్పత్రి ఖర్చుకో పాత బంగారం అమ్మాల్సి వస్తుంది. తొందరపడి నష్టపోవద్దు.

1. రాళ్లు, పూసలు తీయించి మీ కళ్ల ముందే తూకం వేయించండి.

2. 916 ముద్ర అంటే 22 క్యారెట్లు. ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ నంబరు ఉంటే బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూడండి. ముద్ర లేకపోతే హాల్‌మార్కింగ్ కేంద్రంలో పరీక్ష చేయించండి.

3. లెక్క ఇదీ: కాసు 8 గ్రాములు. 8 × 0.916 = 7.33 గ్రాముల మేలిమి బంగారం. దాన్ని ఆ రోజు 24 క్యారెట్ల గ్రాము ధరతో గుణించండి. కొన్నప్పుడు కట్టిన మజూరీ తిరిగి రాదు.

4. తరుగు ఎంత తీస్తారో కరిగించకముందే అడగండి. కరిగాక బేరమాడలేం. రెండు మూడు షాపుల్లో ధర కనుక్కోండి.

5. రసీదు తప్పనిసరిగా తీసుకోండి. మోసం జరిగితే 1915కి ఫోన్ చేయండి.